పది గంటల మీటింగ్

చాలా ఏళ్ల కిందట ఒక రిజిస్టర్లో నా చేత్తో ఇలా రాశాను: "తల్లిదండ్రుల సమావేశం. సమయం ఉదయం 10 గంటలు. హాజరు ఇద్దరు. కారణం: తల్లిదండ్రులకు ఆసక్తి లేదు." కింద సంతకం, తేదీ. ఆ ఇద్దరిలో ఒకామె మా ఆయా చెల్లెలు. రెండో ఆయన రేషన్ కార్డు సంగతి కనుక్కుందామని వచ్చి, ఖాళీగా ఉన్న చాప చూసి కాసేపు కూర్చున్నాడు.

అప్పట్లో పోర్ట్ బ్లెయిర్లో, జంగ్లీఘాట్ పడవల రేవుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక అంగన్‌వాడీలో పనిచేసేదాన్ని. 2024 సెప్టెంబర్లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ నా నోటికింకా పాత పేరే వస్తుంది, ఏమనుకోకండి. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల మొత్తం జనం మూడు లక్షల ఎనభై వేలు. అందులో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. చాలామందివి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వలసొచ్చిన కుటుంబాలే. నేనూ అలాగే, సోంపేట నుంచి పెళ్లయి ఓడెక్కి వచ్చినదాన్ని. మా సెంటర్లో ఇరవై రెండు మంది పిల్లలు. సగం మనవాళ్ళు, మిగతావాళ్ళు బెంగాలీలు, తమిళులు, ఇక్కడ అందరూ 'రాంచీవాళ్ళు' అని పిలిచే ఛోటానాగ్‌పూర్ వాళ్ళు. అందరికీ కలిపి ఒకటే భాష, హిందీ.

మీటింగుకు రాని ఆ తల్లుల్లో ఒకామె మర్నాడు చేపల బజార్లో కనబడింది. గంపలో కోనెం ముక్కలు, పక్కన నెత్తళ్ళ కుప్ప, ముందు నలుగురు బేరగాళ్ళు. నేను కొంచెం నిష్ఠూరంగానే అడిగాను, నిన్న రాలేదేమని. ఆమె కత్తి ఆపకుండానే అంది: "పది గంటలకి రమ్మంటే ఎలాగొస్తానమ్మా? అప్పుడే కదా బేరం. పదకొండయితే సేప మెత్తబడిపోద్ది. ఎవులు కొంటారు?"

వాళ్ళ గడియారం వేరు. దేశమంతటికీ ఒకే సమయం గనక, ఇంత తూర్పున ఉన్న మా దీవుల్లో జూన్ నెలలో గంట ఐదు కొట్టకముందే తెల్లారిపోతుంది. డిసెంబర్లో సాయంత్రం ఐదుకే దీపాలు పెట్టుకోవాలి. తెల్లవారకముందే పడవ ఒడ్డుకొస్తుంది, ఆడవాళ్ళు గంపలెత్తుతారు, ఎండ ముదిరేదాకా బేరం. ఇంటికి చేరి గంజి తాగేసరికి నేను సెంటర్‌కి తాళం వేసేదాన్ని. పది గంటల మీటింగ్ ఎవరికి వీలు? నాకు వీలు, సూపర్‌వైజర్‌కి వీలు. అంటే నేను రాసిన 'ఆసక్తి లేదు' అన్న మాట అబద్ధం. ఏ బాధా లేకుండా, ఎవరూ అడగకుండా రాసిన అబద్ధం.

తరవాతి నెల మీటింగు సాయంత్రం నాలుగున్నరకు పెట్టాం, సెంటర్లో కాదు, వలలు ఆరేసే చోట. పదిహేను మంది వచ్చారు. మగవాళ్ళు కూడా వచ్చారు, వల బాగుచేసే పని అక్కడే కాబట్టి. నేను కాగితం తీసి పౌష్టికాహారం, టీకాలు, పరిశుభ్రత అని వరసగా చదివాను. అందరూ మర్యాదగా విన్నారు. చివర్లో "మీరు ఇంట్లో పిల్లలకు ఏం నేర్పిస్తున్నారు?" అంటే మాత్రం నవ్వారు. "మాకేటి తెలుసు తల్లీ, మేం సదువుకోనేదు. నేర్పడానికే కదా నీకాడికి పంపుతున్నాం."

ఆ నవ్వు దగ్గరే ఆగిపోయి ఇంటికి వచ్చేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. లేవబోతుంటే పక్కన ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన కొడుకు మా సెంటర్ పిల్లాడే, నాలుగేళ్ళవాడు. తండ్రి తెగిన చోట దారం లాగి ముడి వేస్తున్నాడు, వాడు పక్కన కూర్చుని ప్రతి కన్నులోనూ వేళ్ళు దూర్చి చూస్తున్నాడు. (వల గడిని మనవాళ్ళు కన్ను అంటారు.) "ఇది రెండేళ్ళ కన్ను నానా. ఇది మూడేళ్ళది. దీన్లో కవ్వలు నిలవ్వు, జారిపోతాయి." ఏళ్ళంటే వేళ్ళు. తండ్రి తలెత్తకుండానే, "మరేటి నిలుస్తాది?" అన్నాడు. వాడు చేప పేరు చెప్పాడు. తండ్రి దాని తోక ఎలా ఉంటుందని అడిగాడు. వాడు చేత్తో గాలిలో గీసి చూపించాడు.

నా రిజిస్టర్లో ఆ పిల్లాడి పేరు పక్కన 'మాట్లాడడు' అని ఉంది. పెద్దది-చిన్నది తేడా చెప్పే చోట, లెక్కించే చోట, రెండింటిలోనూ గుర్తు లేదు. ఎందుకుంటుంది? నేను వాణ్ణి అడిగింది హిందీలో, అదీ ప్లాస్టిక్ దిమ్మెలు చూపించి. నేనూ తెలుగుదాన్నే, వాడూ తెలుగువాడే. ఇరవై రెండు మందికి ఒకేసారి చెప్పే తొందరలో వాడి భాషలో వాడితో ఒక్క మాటా మాట్లాడలేదు. తండ్రి 'మాకేటి తెలుసు' అన్న పది నిమిషాల్లోనే కొలత, లెక్క, వర్గీకరణ, కారణం చెప్పడం, నాలుగూ అక్కడే జరిగాయి. మూడు నుంచి ఆరేళ్ళ వయసుకు మా శిక్షణ పుస్తకాలు చెప్పేవాటిలో ఆ నాలుగూ ఉంటాయి.

మర్నాడు ఆయన్ని పాత వలముక్క ఒకటి పంపమని అడిగాను. ఆయనే తెచ్చాడు. పిల్లల ముందు చతికిలబడి ఏం చేయాలో తెలియక సిగ్గుపడుతుంటే, కొడుకే తండ్రికి హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు, బెంగాలీ పిల్లకు కూడా అర్థమయ్యేట్టు. ఆ రోజు వాడి గొంతు మొదటిసారి విన్న పిల్లలున్నారు.

'తల్లిదండ్రుల భాగస్వామ్యం' అని మా సర్క్యులర్లలో ఒక మాట వస్తుంది. అనువాదం చేసిన మాటలా ఉంటుంది, నోట్లో తిరగదు. దాని అర్థం నాకు మొదట్లో ఇలా తెలుసు: వాళ్ళు మన దగ్గరికి రావాలి, మనం చెప్పేది వినాలి, సంతకం పెట్టాలి, అరటిపండ్లో చీపురో ఇవ్వాలి. మన దగ్గర ఉన్నది వాళ్ళకు చేరవేయడమే పని అన్నట్టు. వాళ్ళ దగ్గర ఏముందో చూసి రావడం ఆ మాటలో నాకెక్కడా వినబడలేదు.

అసలు అంగన్‌వాడీ అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. అంగన్ అంటే ముంగిలి. మన దేశంలో చిన్నపిల్లల బడికి దారి వేసినవాళ్ళలో తారాబాయి మోడక్ ఒకరు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా దగ్గర పనిచేసి, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో అనుతాయి వాఘ్‌తో కలిసి బాలవాడి మొదలుపెట్టారు. పేదవాడల పిల్లలు కట్టిన బడికి రాకపోతే, బడినే వాళ్ళ ముంగిళ్ళకు తీసుకెళ్ళారు. తల్లి పని చేసుకుంటూనే చూడొచ్చు, పిల్ల తల్లి కళ్ళెదుటే ఉంటుంది. తరవాత కోస్బాడ్ కొండమీద వార్లీ పిల్లలు పశువులు కాయడానికి పోతుంటే, పచ్చికబయళ్ళలోనే బడి పెట్టారు. ప్రభుత్వం 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు ఆ ముంగిలి మాటనే తీసుకుంది. మాట మిగిలింది. ముంగిలి మాత్రం నాలుగు గోడల గది అయింది, గోడ మీద ఏనుగు బొమ్మ, తలుపుకు తాళం.

ముంగిళ్ళకు వెళ్ళినవాళ్ళు ఇంకోచోటా ఉన్నారు. జమైకా కూడా మాలాగే ద్వీపం. అక్కడ కింగ్‌స్టన్‌లో 1986-87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లల్ని తీసుకుని, కొందరి ఇళ్ళకు వారానికి ఒక గంట చొప్పున రెండేళ్ళపాటు ఆరోగ్య కార్యకర్తలు వెళ్ళారు. పిల్లకు పాఠం చెప్పడానికి కాదు. ఇంట్లో పారేసే డబ్బాలు, గుడ్డపేలికలతో చేసిన బొమ్మలతో తల్లి పిల్లతో ఎలా ఆడాలో, ఆడుతూ ఎలా మాట్లాడాలో తల్లితో కలిసి చేసి చూపడానికి. ఇరవై ఏళ్ళ తరవాత చూస్తే, ఆ ఇళ్ళ పిల్లల సంపాదన మిగతావాళ్ళకంటే పాతిక శాతం ఎక్కువ. ఈ సంగతి 2014లో అచ్చయింది. మా సెంటర్ నుంచి వలలు ఆరేసే చోటికి నాలుగు నిమిషాల నడక. అక్కడికెళ్ళడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

దారి తెలిశాక ఒక్కొక్కరూ వచ్చారు. అందరికంటే ఎక్కువ పనికొచ్చింది ఒక మామ్మ. వామనగుంటల పీట లేదు, సెంటర్ వెనక నేలలోనే గుంటలు తవ్వించింది. గవ్వలు వేసి ఆడిద్దామంది, నేను వద్దన్నాను. ఇక్కడ బీచిలో గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుపోవడం నిషేధం, విమానాశ్రయంలో టూరిస్టుల సంచులు విప్పించి మరీ తీయిస్తారు. "సముద్రం పక్కన ఉండి గవ్వ లేకపోతే ఎలాగ!" అని మామ్మ కాసేపు విసుక్కుని, చింతపిక్కలు తెచ్చింది. చాలకపోతే వక్కలు కలిపింది, అండమాన్‌లో వక్కలకేం లోటు? గుంటకు అయిదు చొప్పున పంచుతూ, చేతిలో ఎన్ని మిగిలాయో చూడకుండానే చెప్పమనేది. రాంచీ పిల్ల ఒకతె ఆమెను ఓడించిన రోజున మామ్మ ఆ పిల్ల తల్లిని పిలిపించి మరీ చెప్పింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చేతులతో చెప్పుకున్నారు.

అందరూ రాలేదు. రారు కూడా. బయటిళ్ళలో పనికెళ్ళే ఒక తల్లి ఒక్క మీటింగుకూ రాలేదు. పొద్దున పిల్లను గుమ్మం దగ్గర దించి పరుగెత్తేది. ఆమెతో నాకున్నదల్లా ఆ గుమ్మం దగ్గర రెండు నిమిషాలు. మొదట్లో ఆ రెండు నిమిషాలూ ఫిర్యాదులకే అయిపోయేవి: ముక్కు కారుతోంది, గోళ్ళు తీయలేదు, నిన్నెందుకు పంపలేదు. ఆమె నన్ను చూసి తల తిప్పుకునేది. తరవాత ఒక నియమం పెట్టుకున్నాను. నిన్న మీ అమ్మాయి ఇది చేసింది అని ఒక్క సంగతి, అదీ నేను కళ్ళతో చూసింది. "నిన్న పక్కపిల్ల ఏడిస్తే తన గుడ్డులో సగం పెట్టింది." అంతే. వారం తిరక్కుండానే ఆమె నాకు చెప్పడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర తమ్ముణ్ణి కూర్చోబెట్టి టీచరాట ఆడుతోందట, నాలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని కసురుతోందట. అలా కసురుతానని నాకు అప్పటిదాకా తెలియదు.

తల్లీ తండ్రీ అన్న మాట కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. కార్ నికోబార్‌లో తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం ఉంటుంది. తోటలూ పందులూ దానివే, పిల్ల పెంపకమూ దానిదే. అలాంటి చోట 'తల్లి సంతకం' అనే గడి ఏం చెబుతుంది? మా జంగ్లీఘాట్‌లో కూడా తండ్రి పడవ మీద, తల్లి బజార్లో ఉంటే పిల్ల మామ్మ ఒళ్ళో పెరుగుతుంది. పిల్ల ఎవరి చెయ్యి పట్టుకుని వస్తుందో ఆ మనిషినే పిలవాలి.

ఇప్పుడు కాగితం మీద సంగతులు బాగానే మారాయి. 2023 మే నెలలో 'పోషణ్ భీ, పఢాయీ భీ' వచ్చింది. మరుసటేడు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళిక ఇచ్చారు. 48 వారాలకు వారం వారం ఏం ఆడించాలో అందులో ఉంది. ఆడించడం, మాతృభాష, కుటుంబం, అన్నింటికీ చోటుంది. మంచి పుస్తకమే. కానీ దాన్ని పట్టుకుని నడవాల్సిన మనిషి సంగతి కూడా చెప్పాలి. కేంద్రం 2018లో పెంచాక కార్యకర్తకు ఇచ్చే గౌరవవేతనం నెలకు 4,500 రూపాయలు. ఆపైన రాష్ట్రాలూ కేంద్రపాలిత ప్రాంతాలూ తమకు తోచింది కలుపుతాయి. జీతం అనరు, గమనించండి. పొద్దున పిల్లలు, తూకం, వంట, ఫోన్లో ఎంట్రీలు, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా. అన్నీ అయ్యాక సాయంత్రం రేవుకు వెళ్ళమంటే ఎవరైనా మూలుగుతారు. నేను వెళ్ళగలిగానంటే అప్పటికి మా పిల్లలు పెద్దవాళ్ళు, ఇంట్లో దీపం పెట్టడానికి అత్తగారున్నారు. ఆ వీలు లేని కార్యకర్తను తప్పుపట్టే హక్కు నాకు లేదు. సాయంత్రం మీటింగు పెట్టిన రోజున పొద్దుట రెండు గంటలు వదిలేస్తే చాలు, ఖజానాకు పైసా ఖర్చు కాదు. ఎన్నిసార్లు అడిగినా ఆ రెండు గంటలు మాకు దొరకలేదు.

వలముక్క తెచ్చినాయన కొడుకు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. వాడు గొప్పవాడయ్యాడని చెప్పడానికి కాదు, మామూలుగా చదువుతున్నాడు, మామూలుగా తప్పుతున్నాడు, పాసవుతున్నాడు. నోరు మాత్రం ఆగదు.

విశాఖలో, విజయవాడలో, వరంగల్లో కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళను ఒకటి అడుగుతాను. మీ వీధి చివర ఒక అంగన్‌వాడీ ఉంటుంది. ఈ నెల తల్లుల మీటింగు ఎన్ని గంటలకో కనుక్కోండి. పదింటికైతే టీచరమ్మ మీద కేకలు వేయకండి, ఆ టైము ఆమె పెట్టింది కాదు. సాయంత్రానికి మార్చమని మీరే నలుగురు కలిసి సూపర్‌వైజర్‌కు ఒక కాగితం రాసివ్వండి. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు ఒక చాప కూడా పట్టుకెళ్ళండి. సెంటర్లో పెద్దవాళ్ళు కూర్చోవడానికి ఎప్పుడూ చాలవు.