ముందు వైపు లేని ఆట

థింసాకు ముందు వైపు ఉండదు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు అల్లుకుని వలయంగా తిరుగుతారు. మోరి, కిరిడి, తుడుము పక్కనే మోగుతుంటాయి. చూసేవాళ్లు చుట్టూ నిలబడతారు, కాసేపటికి వాళ్లలో కొందరు తోకలో చేరిపోతారు. చైత్రంలో ఇటుకల పండుగ చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అదే ఆటను వేదిక ఎక్కిస్తే వలయం విరిగి వరస అవుతుంది. ఒకే రంగు చీరలు, అయిదు నిమిషాలు, స్పీకర్లో పాట. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిల్లల చేత అలా ఆడించినవాణ్ణి నేనే. కాబట్టి ఈ విమర్శ మొదట నాకే తగలాలి.

ఆ రోజు ఆట అయ్యాక కొండలను కాపాడుకోవాలని ఉపన్యాసాలు జరిగాయి. ఆటకూ ఆ మాటలకూ సంబంధమే లేదు. మన కళ సభకు జనాన్ని పోగుచేసే డప్పుగా మిగిలిపోయిందా?

ఉత్తరాంధ్రలో ఇలా కాని రోజులు ఉన్నాయి. శ్రీకాకుళ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ చెప్పాడు. ఊరివాళ్లు అప్పటికే కూర్చుని వినే రూపం అది. 1969 డిసెంబర్‌లో ఆయన్ని చంపేశారు. వంగపండు ప్రసాదరావు తన పల్లె యాసను దిద్దుకోకుండా పాటలో పెట్టాడు. గద్దర్ భుజం మీద గొంగడి తెలంగాణ నేల ఇచ్చింది. వాళ్ల బలమంతా అక్కడే ఉంది. మన కుర్రాళ్లు ఆ పద్ధతి వదిలేసి వేషం తెచ్చుకున్నారు. బాక్సైట్ మీద నేను విన్న పాటల్లో గొంగడి ఉంది, గజ్జెలున్నాయి, దోపిడీ ఉంది, సామ్రాజ్యవాదం ఉంది. ఒక్క గెడ్డ పేరు లేదు. ఆ పాట జెర్రెలలో పాడినా జార్ఖండ్‌లో పాడినా ఒకటే.

విషయం చిన్నదేమీ కాదు. అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997లో సమత తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గని లీజు ఇవ్వకూడదన్నారు. అయినా 2015 నవంబర్‌లో జీవో 97 వచ్చింది, జెర్రెల బాక్సైట్ కోసం 1,212 హెక్టార్ల అటవీ భూమి. కొండ నెత్తిన ఉన్న ఆ పొర వానను పీల్చుకుని ఎండల్లో ఊటగా వదులుతుంది. జనం ఎదురు తిరిగారు. 2019లో దాన్ని రద్దు చేశారు.

ఆ రోజుల్లో ఒక ఊరి సభలో ఓ కుర్రాడు బాక్సైట్ పాట గట్టిగా అందుకున్నాడు. అయిపోయాక ఓ ముసలమ్మ అంది: "బాబూ, తవ్వేవోడి పేరే పాడతన్నావు. మన నీళ్ల పేరు పాడవేం?" తర్వాత ఆవిడే మొదలుపెట్టింది. పాత థింసా వరసలోనే ఊటల పేర్లు ఒక్కొక్కటీ. తమ ఊట పేరు వచ్చినప్పుడు ఆ పల్లె వాళ్లు లేచి వలయంలో కలిశారు. నినాదం ఒక్కటీ లేదు, అయినా ఒక్కరూ కదల్లేదు. అంతకన్నా మంచి ఉద్యమ కళ నేను చూడలేదు.

నాకు గుర్తున్నంత వరకు ఆ పేర్లు రాసుకున్నాను. తర్వాత పిల్లల్ని తీసుకెళ్లి వెతికితే రెండు ఊటలు ఎండిపోయి ఉన్నాయి. అక్కడ కంపెనీ తవ్వలేదు. పైన చెట్లు కొట్టింది మనవాళ్లే. ఈ సంగతి మన పాటల్లోకి ఇంకా రాలేదు. రాయమంటే కుర్రాళ్లు మొహమాటపడుతున్నారు. మనల్ని మనం తిట్టుకుంటే అవతలివాడికి అలుసవుతామేమోనని భయం. ఆ భయం ఉన్నంతకాలం మన పాట సగమే నిజం చెబుతుంది. ఆ సగాన్ని పిల్లలు ఎంతకాలం నమ్ముతారు?

ఈ ఆగస్టుకు పిల్లలు వేదిక మీద కాకుండా మైదానంలో వలయంగా ఆడతారని, ఆ ఊటల పేర్లే పాడతారని చెప్పాను. ఎండిపోయిన రెండూ కలిపే. కుర్చీల్లో ఉన్న పెద్దలకు పిల్లల వీపులే కనబడతాయి మాస్టారూ, అన్నారు. వాళ్లూ లేచి వచ్చి తోకలో చేరవచ్చు కదా అన్నాను. ఇంకా తేలలేదు.