దోపిడీ హాస్యచిత్రాల్లో వెల, విలువ

ఇంతకుముందు భాగంలో, పాత్రలు చేసే పొరపాట్లు హాస్యకథను ఎలా నడుపుతాయో చదువుకున్నారు. ఈ భాగంలో హాస్యచిత్రాల్లో ఒక చిన్న శాఖను మాత్రమే తీసుకుందాం. కొందరు కలిసి ఖరీదైన వస్తువు ఒకటి కాజేయాలని పథకం వేస్తారు. పథకం ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది. నెత్తురు కారదు, ఎవరి మీదా మనకు పగ కలగదు. ఇలాంటి చిత్రాలను కాలక్షేపం సరుకని పక్కన పెట్టడం మామూలు. పక్కన పెట్టనివారు 'దొంగతనం ఫలించదు' అనే నీతిని పిండుకుని ఊరుకుంటారు. ఈ రెండు పద్ధతులూ విమర్శకు చాలవు. దొంగతనం తప్పని తెలుసుకోవడానికి గంటన్నర సినిమా చూడనక్కరలేదు కదా! ఇవి అడిగే ప్రశ్న వేరు: ఒక వస్తువుకు విలువ కట్టేది ఎవరు? ఆ కట్టుబడి ఎంతసేపు నిలుస్తుంది?

4.3 లక్షల పౌండ్ల బొమ్మలు

1951లో బ్రిటన్‌లోని ఈలింగ్ స్టూడియో నిర్మించిన 'ద లావెండర్ హిల్ మాబ్' చూడండి. దర్శకుడు చార్లెస్ క్రైటన్. కథ, చిత్రానువాదానికి టి.ఇ.బి. క్లార్క్ ఆస్కార్ అందుకున్నాడు. అలెక్ గిన్నిస్ నటించిన హాలండ్ ఒక బ్యాంకు గుమాస్తా. బంగారు కడ్డీలను శుద్ధి కర్మాగారం నుంచి బ్యాంకుకు చేర్చే బండిలో ఏళ్ల తరబడి కాపలాగా వెళ్తున్నాడు. రోజూ చేతికందేంత దూరంలో బంగారం, నెల తిరిగేసరికి చాలీచాలని జీతం. అతని నిజాయితీ మీద పైఅధికారులకు ఎంత నమ్మకమంటే, అతనిలో ఒక మనిషి ఉన్నాడన్న సంగతే మరిచిపోయారు.

అతనికి తోడు దొరికినవాడు పెండిల్‌బరీ. శిల్పి కావాలన్న కోరిక లోపల ఉన్నా, పొట్టకూటికి పర్యాటకులకు అమ్మే చౌక బొమ్మలు పోతపోయిస్తుంటాడు. ఇద్దరూ కలిసి కడ్డీలను కరిగించి ఈఫిల్ టవర్ బొమ్మలుగా పోసి, పారిస్‌కు పంపుతారు. ఇక్కడి చమత్కారం ఆగి చూడదగ్గది. మామూలు బొమ్మ సీసానికి బంగారు రంగు పూసినది. వీరిది బంగారమే, అయినా అది బంగారు రంగు పూసిన సీసంలా కనబడాలి. అసలు సరుకు నకిలీ వేషం వేస్తేనే సరిహద్దు దాటుతుంది.

తర్వాత పారిస్‌లో పొరపాటున ఆరు బంగారు బొమ్మలు ఇంగ్లండు నుంచి వచ్చిన బడిపిల్లల చేతికి పోతాయి. దొంగలిద్దరూ ఈఫిల్ టవర్ మెట్ల మీద గిరగిరా తిరుగుతూ దిగే దృశ్యం చాలామందికి గుర్తుండేది. నాకు గుర్తుండేది దాని తర్వాతిది. పిల్లలకు డబ్బు ఆశ చూపి బొమ్మలు వెనక్కి తీసుకుంటుంటే ఒక పిల్ల మాత్రం ససేమిరా ఇవ్వదు. అది తన స్నేహితుడికి ఇవ్వాలని కొన్న కానుక. ఆ స్నేహితుడు ఒక పోలీసు! బంగారమని ఆ పిల్లకు తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేదో సినిమా చెప్పదు. ఒకరికోసమని అనుకుని కొన్న వస్తువును అలాంటిదే మరొకదానితో మార్చుకోవడం ఆమెకు కుదరదు, అంతే. పది లక్షల పౌండ్ల పథకం ఆ పంతం దగ్గరే చిక్కుకుంటుంది.

4.4 వెలలేనిది, విలువలేనిది

ఈ చిత్రం మొదట్లో ఒక్క క్షణం కనిపించి మాయమయ్యే అమ్మాయి ఆడ్రీ హెప్‌బర్న్. పదిహేనేళ్ల తర్వాత, 1966లో విలియం వైలర్ తీసిన 'హౌ టు స్టీల్ ఎ మిలియన్'లో ఆమే కథానాయిక నికోల్. తండ్రి బోనే ప్రసిద్ధుల చిత్రాలకు నకళ్లు గీసి అసలువిగా అమ్మే ఘనుడు. ఇంట్లో ఉన్న వీనస్ శిల్పాన్ని చెల్లీనీ చెక్కినదని చెప్పి పారిస్‌లో ఒక మ్యూజియం ప్రదర్శనకు ఇస్తాడు. నిజానికి చెక్కింది నికోల్ తాత. శిల్పానికి నమూనాగా నిలబడింది నాయనమ్మ. బీమా కాగితం మీద బోనే గొప్పగా సంతకం పెట్టాక తెలుస్తుంది, దాంతో నిపుణుల పరీక్షకు కూడా ఒప్పుకున్నట్టేనని. ఇక దారి ఒకటే: సొంత వస్తువునే దొంగిలించాలి. దొంగ అనుకుని నికోల్ సాయం అడిగిన సైమన్ (పీటర్ ఒ'టూల్) దొంగ కాదు, నకిలీల గుట్టు విప్పే పరిశోధకుడు.

మన భాషలో 'వెలలేనిది' అంటే ధర కట్టలేనంత గొప్పది. 'విలువలేనిది' అంటే ఎందుకూ పనికిరానిది. పలుకులో దగ్గర, అర్థంలో ఎదురెదురు. వీనస్ శిల్పం మ్యూజియంలో మొదటిది, పరీక్షలో పడితే రెండోది. మధ్యలో మారింది ఏమిటి? రాయి మారలేదు, చెక్కిన చేయి మారలేదు, నాయనమ్మ రూపమూ మారలేదు. మారేది పేరు చీటీ ఒక్కటే. సైమన్ బూమరాంగ్ విసిరి పదేపదే గంటలు మోగిస్తే, ఇరుగుపొరుగు పెద్దల నిద్ర చెడిపోతుందని కాపలావాళ్లు చివరికి వాటిని ఆపేస్తారు. పది లక్షల డాలర్ల వస్తువు కన్నా నిద్రకే ఎక్కువ ధర పలికింది!

ఈ చిత్రంలో నాకొక కొరత కనబడుతుంది. చివరకు శిల్పం లీలండ్ అనే అమెరికన్ ధనికుడి చేతికి పోతుంది. కథ ముడి విప్పడానికి అది హాయిగా ఉంటుంది. కానీ అది నాయనమ్మ రూపం కదా. దానిని పోగొట్టుకున్నందుకు నికోల్ ఒక్క నిట్టూర్పు కూడా విడవదు. ప్రేమ దొరికింది కనుక మిగతావన్నీ తేలికే అంటుంది చిత్రం. అందమైన దుస్తులు, పెద్ద ఇల్లు ముందునుంచీ ఉన్నవారికి ఆ మాట అనడం సులువు.

4.5 డబ్బు లేనివారి సంగతి

ఇక్కడ మీలో చాలామందికి ఒక అభ్యంతరం తోచవచ్చు. పగలు పని, రాత్రి చదువుగా ఉన్నవారికి 'డబ్బు అసలైన విలువ కాదు' అన్న మాట ఎవరు చెబుతున్నారన్నది ముఖ్యం. కడుపు నిండినవాడు చెబితే అది పాఠం కాదు, వెక్కిరింత. ఈ అభ్యంతరానికి మిగతా రెండింటి కన్నా బాగా నిలిచేది మారియో మోనిచెల్లి 1958లో తీసిన ఇటాలియన్ చిత్రం, ఇంగ్లీషులో 'బిగ్ డీల్ ఆన్ మడోన్నా స్ట్రీట్'గా పేరుపడినది.

రోమ్ నగరంలో చిల్లర దొంగల గుంపు. ఓడిపోయే బాక్సర్ పెపే (విట్టోరియో గాస్‌మన్), కెమెరా లేని ఫోటోగ్రాఫర్ తిబేరియో (మార్చెల్లో మాస్ట్రోయాన్ని), ఎప్పుడూ ఆకలితో ఉండే ముసలి కపన్నెల్లె. తిబేరియో భార్య జైల్లో ఉంటే అతను పసిపిల్లవాణ్ణి చంకనేసుకుని దొంగతనం గురించి చర్చిస్తుంటాడు. పెట్టె తెరవడం నేర్పడానికి ఒక పాత 'ఆచార్యుడు' (తోతో) మేడ మీద పాఠం చెబుతాడు. వాళ్లు కన్ను వేసినది తాకట్టు దుకాణం. ఆ ఎంపిక ఊరికే జరిగింది కాదనిపిస్తుంది: పేదవాడి వస్తువుకు రోజూ వెల కట్టేది అక్కడే.

పక్క ఇంట్లోకి దూరి గోడకు కన్నం వేస్తే, తేలింది అదే ఇంటి వంటగదిలో. పెట్టె లేదు. శనగలు వేసి వండిన పాస్తా ఉంది. కూర్చుని తింటారు. దీన్ని 'బంగారం కన్నా స్నేహితులతో తిండి మిన్న' అని వ్యాఖ్యానించినవారు ఉండవచ్చు. నాకు అలా తోచదు. వారి ముఖాల్లో తృప్తి కాదు, అలసట. ఆకలి వేసింది, ఉన్నది తిన్నారు. తెల్లారాక పెపే పనికి పోయే కూలీల గుంపులో ఇరుక్కుని గేటు లోపలికి కొట్టుకుపోతాడు. బయట నిలబడ్డ కపన్నెల్లె, లోపల పని చేయిస్తారని హెచ్చరిస్తాడు! రోజుకూలీ పని గొప్పదని దర్శకుడు అనడు, నీచమనీ అనడు. వాళ్లు తప్పించుకోవాలని చూసిన జీవితమే మళ్లీ వారిని పట్టుకుంది. పెద్దగా నవ్వుతాం, వెంటనే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఆలోచించండి

1. నిఖిల్ నటించగా సుధీర్ వర్మ దర్శకత్వం వహించిన 'స్వామి రారా' (2013)లో చిన్న వినాయక విగ్రహం చేతులు మారుతుంది. ఒక్కొక్కరి చేతిలో ఉన్నప్పుడు అది వారికి ఏమిటి? సరుకా, దైవమా, ఆపదా? రెండు సన్నివేశాలు ఎంచుకుని ఒక పుటలో రాయండి.

2. మీ ఇంట్లో ఏనాడూ అమ్మని ఒక వస్తువును తీసుకోండి. తాకట్టు దుకాణంలో దానికి ఎంత పలుకుతుందో, ఇంట్లో ఎందుకు అమ్మలేదో రాయండి. ఆ తర్వాతే పై మూడు చిత్రాల్లో ఏది మీకు దగ్గరగా ఉందో నిర్ణయించుకోండి.