మన పిల్లల ప్రకృతిశాస్త్రము

మొన్న శ్రావణమాసమున లింగంపల్లిలో మిత్రుల యింటికి పోయియుంటిమి. ఏడవ తరగతి చదువు వారి చిన్నది దోమ జీవితచక్రమును మా యెదుట ఒక్క యక్షరము తప్పక అప్పగించినది. గ్రుడ్డు, డింభకము, ప్యూపా, ప్రౌఢకీటకము. ఆడ అనాఫిలిస్ మలేరియాను, ఆడ ఈడిస్ డెంగీని వ్యాపింపజేయును. అంతయు సరియే. పిమ్మట బాల్కనీలోని తులసికుండీ క్రింది పళ్ళెమును చూపి, ఆ నీటిలో గిలగిలలాడుచున్నవి యేమని యడిగితిమి. "ఏవో పురుగులు, తాతగారూ" అనినది.

తప్పు చిన్నదానిది కాదు. ఆరు మొదలు ఎనిమిదివరకు గల మూడు తరగతులలో ప్రకృతిశాస్త్రమనగా నేమి నేర్పవలయునో మనము నిర్ణయించుకొన్న తీరులోనే ఆ తప్పున్నది. పేరు తెలిసినచో వస్తువు తెలిసినట్లేయని మన నమ్మకము.

లింగంపల్లిలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కినవారు బేగంపేటలో దిగవచ్చును. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని చూచినది అచ్చటనే. ఆయన పేరును, 1902లో వచ్చిన నోబెలు బహుమానమును పిల్లలు వల్లించగలరు. కాని ఆయన దోమలను గాలిలో పట్టి తేక, డింభకములనుండి పెంచినది ఎందుకని ఎవ్వరైన నడిగిరా? పట్టి తెచ్చిన దోమ అంతకుముందు ఎవరిని కుట్టినదో తెలియదు. పెంచిన దోమ ఎవ్వరిని కుట్టలేదని తెలియును. అట్టి దోమలను హుసేన్ ఖాను అను రోగిచేత కుట్టించి, కుట్టిన దోమ కొక అణా చొప్పున ఆయనకు ముట్టజెప్పిరి. ఇందలి యుక్తి పండ్రెండేండ్ల పిల్లకు చక్కగా బోధపడును. నోబెలు సంవత్సరమును మరచినను నష్టము లేదు. ఈ యుక్తిని నేర్వకున్న ఆ పాఠము చదివిన ఫలమేమి?

లింగంపల్లి చుట్టుప్రక్కల కేంద్ర పాఠ్యప్రణాళికను అనుసరించు బడులు అనేకములున్నవి. వాని పుస్తకములను కూర్చు ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు, కరోనా పిమ్మట పిల్లల భారమును తగ్గింతుమని, 2022లో కొన్ని పాఠములను తొలగించిరి. భారము తగ్గించుట మంచిదే. కాని తీసివేసినవెవ్వి? ఆరవ తరగతిలో నీటి పాఠము, చెత్త పాఠము. ఏడవ తరగతిలో మన్ను, గాలులు తుపానులు. ఎనిమిదవ తరగతిలో గాలి నీటి కాలుష్యము, నక్షత్రములు. వేసవి వచ్చినంతనే నీళ్ళ ట్యాంకరుకై వీధిలోనికి తొంగిచూచు ఇండ్ల పిల్లలకు నీటి పాఠము బరువైనదట! ఏ పాఠమును బాలుడు తన కంటితో సరిచూచుకొనగలడో దానినే ముందుగా కోసివేయుట మాకు మింగుడుపడలేదు.

మన్ను సంగతియే చూడుడు. నల్లగండ్ల, తెల్లాపూరు వైపు మేడలకొరకు త్రవ్విన గోతుల యంచున నిలిచిన, పైన మన్ను, దాని క్రింద మొరము, ఆ క్రింద పొరలుపొరలుగా విచ్చిన రాయి, అట్టడుగున సుమారు రెండువందలయేబది కోట్ల యేండ్ల నల్లసేనపురాయి వరుసగా కనబడును. రాయి మన్నగుట ఎట్లో చూపుటకు ఇంతకంటె మంచి పటమును ఏ ముద్రాపకుడును అచ్చువేయలేడు. పిల్లలను కంచె యీవల నిలిపి, భద్రముగా, అరగంటసేపు చూపిన చాలును.

ఆ పాత పుస్తకములు ఇప్పుడు పోయినవి. 2024లో ఆరవ తరగతికి, 2025లో ఏడు, ఎనిమిది తరగతులకు "క్యూరియాసిటీ" యను క్రొత్త పుస్తకములు వచ్చినవి. పేరు మంచిది. అయస్కాంతములు, ఉష్ణోగ్రత, నీటి రూపములు మున్నగువానిని చేసి చూడుమనియే చెప్పుచున్నవి. కాని పుస్తకమున ప్రశ్న యున్నంతమాత్రమున తరగతిలో ప్రశ్న పుట్టదు. ప్రయోగమును చదివించి, ఫలితమును వ్రాయించి, వల్లెవేయించుటకు మనవారికి ఏ పుస్తకమైన నొక్కటియే. తెలంగాణ ప్రభుత్వపు బడులలో 2022నుండి ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా పుస్తకముల నిచ్చిరి. ఆ యేర్పాటు మేలైనదే. అయినను ఆకు నెన్నడును ఎండలోను చీకటిలోను ఉంచి చూడని బాలునికి కిరణజన్య సంయోగక్రియ యనినను, ఫోటోసింథసిస్ అనినను ఒక్కటియే, రెండును శబ్దములే.

ఖర్చు మాటందురా? బడి యావరణలో ఒక కర్రను నిటారుగా పాతి, నీడను గంటగంటకు సుద్దముక్కతో గుర్తింపుడు. లింగంపల్లిలో ఏటేట మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున మధ్యాహ్నము నీడ కర్ర మొదటనే అణగిపోవును. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు! మబ్బు విడిచిన యదృష్టవంతులకు మరియొక వింత: ఆగస్టున అది జరుగుట పన్నెండు గంటలకు కాదు, సుమారు 12.23కు. మన గడియారములు కాకినాడ చేరువగా పోవు 82½ డిగ్రీల రేఖ ననుసరించును. లింగంపల్లి దానికి నాలుగు డిగ్రీలకు పైగా పడమర. డిగ్రీకి నాలుగు నిమిషములు. మిగిలిన ఆరు నిమిషములు ఎక్కడివని అడుగు బాలుడు శాస్త్రపు గడప దాటినట్లే. భూమి సూర్యుని చుట్టు తిరుగునపుడు ఒకే వేగమున పోదని, దాని యిరుసు వాలియున్నదని వానికి అప్పుడు చెప్పవచ్చును. అడుగకమున్ను చెప్పుట వ్యర్థము.

ఇది జరుగు పని కాదనువారికి హోషంగాబాదును జ్ఞాపకము చేయుచున్నాము. 1972లో మధ్యప్రదేశమున ఆ జిల్లాలోని పదునారు పల్లె బడులలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ప్రయోగమే పాఠముగా బోధన యారంభమైనది. పుస్తకమున జవాబులు లేవు; పరీక్షలో పుస్తకమును తెరచి చూచుకొనవచ్చును, ఏలయన పరీక్షించునది జ్ఞాపకమును కాదు. ముప్పది యేండ్లు నడచి, వందలకొలది బడులకు వ్యాపించిన దానిని 2002లో అచ్చటి ప్రభుత్వమే ఆపివేసినది. పేదబిడ్డలు చేయగలిగిన దానిని మన యద్దాల మేడల నడుమనున్న బడులు చేయలేవా?

చేయవు, ఏలయన మనము అడుగుట లేదు. ఆరవ తరగతిలోనే "ఐ.ఐ.టి. ఫౌండేషను" అని పేరు పెట్టి, పదునొకండవ తరగతి లెక్కలను పదునొకండేండ్ల పిల్లలకు గరపు బడులకు రుసుము కట్టుచున్నది మనమే. సాయంకాలము బిడ్డ యింటికి రాగానే "ఎన్ని మార్కులు?" అని యడుగు తల్లిదండ్రులను వేలకొలది చూచితిమి. "అది నిజమని నీ కెట్లు తెలిసినది?" అని యడిగినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

ఆ నాడు మిత్రుని భార్య పళ్ళెములోని నీటిని పారబోయబోయి, మా మాటపై ఆగి, కొంత గాజుగ్లాసులో పోసి పలుచని గుడ్డ కట్టినది. మిగిలినది ఎండిన నేలపై పారబోసినది. ఆరవనాడు చిన్నది ఫోనులో పిలిచి, గుడ్డ క్రింద మూడు దోమలున్నవని చెప్పినది. "ఆడదోమయే కుట్టునని పుస్తకములో నున్నది గదా, వీనిలో ఆడది యేదో ఎట్లు తెలియును?" అని యడిగినది. మీసములు కుచ్చువలె గుబురుగా నున్నది మగది, పలుచగా నున్నది ఆడది, భూతద్దముతో చూడుమంటిమి. గుడ్డ విప్పకుండ గాజుపైనుండియే చూచి, కొంతసేపటికి మరల పిలిచినది: రెండు మగవి, ఒకటి ఆడది.