‘తెల్లబంగారం’, ‘ముడిసరుకు’: పత్తి దిగుమతి చర్చలో భాష - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఒక వస్తువుకు పెట్టిన పేరులోనే దాని గురించిన వాదం సగం ఇమిడి ఉంటుంది. భారత - ఆస్ట్రేలియా ఆర్థిక సహకార, వాణిజ్య ఒప్పందం 2022 ఏప్రిల్ 2న కుదిరి, అదే ఏడాది డిసెంబర్ 29న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం ఏటా 51,000 టన్నుల పత్తి సుంకం లేకుండా దేశంలోకి రావచ్చు. ఈ ఒప్పందంపైన, ఆ తర్వాతి సుంకం మినహాయింపుపైన వెలువడిన భిన్నాభిప్రాయాల భాషను ఖమ్మం జిల్లా కారేపల్లి పత్తి రైతు వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు పేర్లు - రెండు వాదాలు:
మిల్లుల యాజమాన్యాలకు పత్తి ‘ముడిసరుకు’. ముడిసరుకు చౌకగా దొరకాలి. కనుక సుంకం అడ్డంకి. రైతు పక్షం వహించేవారికి అది ‘తెల్లబంగారం’. బంగారం ధర పడిపోవడం అన్యాయం. కనుక దిగుమతి ‘వరద’. 51,000 టన్నులంటే 170 కిలోల బేళ్లు 3 లక్షలు. దేశపు దిగుబడిలో సుమారు నూరో వంతు. ఆ పరిమితికి ‘వరద’ అనే రూపకం అతిశయోక్తే. అయితే 2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం పత్తిపై 11 శాతం సుంకాన్ని పరిమాణంతో నిమిత్తం లేకుండా ఎత్తివేసింది. తొలుత సెప్టెంబర్ 30 వరకే అన్న గడువును డిసెంబర్ 31కి పొడిగించింది. మన ప్రాంతంలో పత్తి తీతల కాలమూ అదే. ఒప్పందానికి ఉన్న గట్టు ఇక్కడ లేదు. అందువల్ల ఆ రూపకానికి ఈసారి ఆధారం దొరికింది.

రెండు పేర్లకూ అందని రైతు:
సింగరేణి మండల కేంద్రమైన కారేపల్లి అడవి అంచు ప్రాంతం. ఇటువంటి చోట పత్తి చేలలో పోడు భూములూ ఉంటాయి. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 12 శాతం మించకూడదు; రైతు వివరాలు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో నమోదై ఉండాలి. పట్టా లేని పోడు రైతుకు, నోటిమాటపై కౌలు చేసేవారికి ఈ నమోదే తొలి గండం. అది దాటలేనివారు పత్తిని ప్రైవేటు వ్యాపారికే అమ్ముకోవాలి. దిగుమతుల వల్ల బయటి ధర తగ్గితే, మద్దతు ధర అండ లేని వీరికే ముందు దెబ్బ తగులుతుంది. మిల్లుల వాదంలో వీరు లేనే లేరు. ‘తెల్లబంగారం’ వాదం పట్టాదారునూ పోడు రైతునూ ‘రైతు’ అనే ఒకే శబ్దంలో కలిపివేసి, ఈ తేడాను కనుమరుగు చేస్తోంది.

ముగింపు:
సుంకాన్ని తిరిగి విధించినంత మాత్రాన నమోదు లేని రైతుకు మద్దతు ధర దక్కదు. కాబట్టి సుంకంపై జరిగే చర్చ, కొనుగోలు కేంద్రం గుమ్మం ముందు ఎవరు ఆగిపోతున్నారన్న ప్రశ్నతో కలిసి సాగాలి. ప్రపంచీకరణ సాహిత్యాన్ని పరిశోధించేవారు కూడా ‘రైతు’ అన్న పదం ఎదురైన ప్రతిచోటా ‘ఏ రైతు?’ అని అడగవలసి ఉంది.