కువైట్ టవర్లో సగం నీళ్లే

కువైట్ చూసొచ్చిన ఒకాయన రాసిన యాత్రా వ్యాసం ఈ వారం ఈ కాలమ్ రచయితకు ఒళ్లు మండించింది. నాలుగు రోజుల మకాం, నాలుగు పేజీల వర్ణన: అద్దాల మేడలు, విశాలమైన రోడ్లు, కువైట్ టవర్స్ గోళంలో భోజనం. ఏ ఊళ్లోనైనా ఏడాది కాపురం ఉండందే దాని గురించి కలం పట్టకూడదని ఈ శీర్షికలో ఆయన వాదిస్తూ వచ్చిన సంగతి పాఠకులకు తెలుసు. ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాడు.

ఆ భోజనశాల గురించి వ్యాసంలో లేని సంగతి ఒకటుంది. 1979లో జనానికి తెరిచిన మూడు టవర్లలో పెద్దదాని ఎత్తు 187 మీటర్లు. దాని కింది గోళంలో పైసగం భోజనశాల, కిందిసగం 45 లక్షల లీటర్ల నీళ్ల ట్యాంకు. పక్క టవరు గోళం నిండా నీళ్లే. ఒక్క నది కూడా లేని దేశమది. అక్కడ కురిసే వానకు ఐదారింతలు మన కడపలో కురుస్తుంది. ఒకప్పుడు ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో తాగునీళ్లు తెచ్చుకునేవారు. సముద్రపు నీటిని ఆవిరి చేసి, చల్లార్చి తాగునీరు తీసే పెద్ద ప్లాంటు 1953లో షువైఖ్‌లో మొదలైంది. అందుకు ఇంధనం కాలాలి. 1946లో ఎగుమతి మొదలైన చమురే కొళాయిల్లో నీళ్లయింది.

ఆ గోళాల్లో నీళ్లుంటాయని ఈ కాలమ్ రచయితకు మొదట చెప్పింది రాయచోటి దగ్గరి పల్లెకు చెందిన ఒకామె. రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఆడవాళ్లు దశాబ్దాలుగా కువైట్ ఇళ్లలో పనికి పోతున్నారు. ఆమె పోయిందీ ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీదనే.

"ఎడారి అన్నారు గదన్నా. కొళాయి తిప్పితే రేయింబగలు నీళ్లే. పొద్దన్నే మంచినీళ్లతో కార్లు కడగమన్నారు. నాకు చెయ్యాడలే."

పైపు ఎట్లా పట్టుకుందో చేసి చూపించింది. ధార సన్నగా రావాలని బొటనవేలితో పైపు మూతి సగం మూసిందట. ఊళ్లో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన చెయ్యి అది. టవర్ల పక్కగా కారులో పోతుంటే, "ఇవి నీళ్ల ట్యాంకుల మాదిరుండాయే తమ్ముడూ" అని రాజంపేట డ్రైవరును అడిగిందట.

పాస్‌పోర్టు తీసేసుకోవడం, వీధి తలుపుకు తాళం పడడం కూడా పోయిన మొదటి వారమే ఆమె కంటబడ్డాయి. "మూడో యేటికి అన్నీ అలవాటైపాయన్నా. నీళ్లూ అంతే, తాళమూ అంతే."

ఈ మాట గుర్తొచ్చాక ఏడాది నియమం నిలబడలేదు. కాపురం పెరిగేకొద్దీ కంటికి ఆనేవి తగ్గిపోతాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా పోతూ చూసినవి చూసినట్టు మిత్రుడికి రాసి పంపాడు. అట్లా రాయబట్టే దారి ఊళ్ల వసతులు మనకు తెలిశాయి. నాలుగు రోజులకే రాసినందుకు ఆ పెద్దమనిషిని తప్పుపట్టడానికి లేదు. తప్పు వేరే ఉంది: తాను తాగిన నీళ్లు ఎక్కడివో, ఆ గ్లాసు కడిగిందెవరో ఆయన అడగలేదు.

కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మెకంజీ సేకరించిన ఊళ్ల వృత్తాంతాలైన కైఫియ్యత్తులను అచ్చు వేసింది. కువైట్ పోయిన కొత్తలో మన ఆడవాళ్లు ఇంటికి పంపిన వాట్సాప్ మాటలకూ అక్కడ చోటు దొరకాలి. ఫోను మార్చినప్పుడల్లా అవి పోతున్నాయి. యోగి వేమన విశ్వవిద్యాలయం విద్యార్థులు ఈ వేసవి సెలవుల్లోనే ఆ సేకరణ మొదలుపెట్టవచ్చు. ముందు తమ ఇళ్లలోనే అడిగి చూడవచ్చు.