ఆగడానికీ ఓ విలువ

ఇంజినీరింగ్ ఎకనామిక్స్‌లో మొదట నేర్పే లెక్క నికర ప్రస్తుత విలువ. రాబోయే ఏళ్ల రాబడిని డిస్కౌంట్ రేటుతో నేటి రూపాయల్లోకి మార్చి, అందులోంచి పెట్టుబడిని తీసేస్తారు. మిగులు తేలితే ప్రాజెక్టు కట్టవచ్చు. పై కోర్సులో తేలేదేమిటంటే, ఈ లెక్క సగమే.

గుంటూరు మిర్చి కోసం ఒక కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకుందాం. ఖర్చు 10 కోట్లు, డిస్కౌంట్ రేటు 10 శాతం. అద్దెలు బాగుంటే ఏటా 1.8 కోట్లు, పడిపోతే 0.6 కోట్లు, ఎప్పటికీ వస్తూనే ఉంటాయి. రెండింటికీ సమాన అవకాశం. సగటు 1.2 కోట్లు, నేటి విలువ 12 కోట్లు, మిగులు 2 కోట్లు. ఇంకేం, కట్టేయవచ్చు అనిపిస్తుంది.

అయితే ఏ అద్దె నిలుస్తుందో ఏడాదిలో తేలిపోతుందనుకోండి. అప్పటిదాకా ఆగితే మంచి అద్దె వచ్చినప్పుడే కడతారు. 18 కోట్ల విలువలో 10 పోను 8 కోట్లు మిగులుతాయి. సగం అవకాశంతో అది 4 కోట్లు, నేటి విలువలో సుమారు 3.64 కోట్లు. అద్దె పడిపోతే అసలు కట్టరు, నష్టమూ ఉండదు. తొలి ఏడాది రాబడి వదులుకున్నా ఆగడమే లాభం. ఒకసారి పోసిన కాంక్రీటును వెనక్కి తీసుకోలేం కాబట్టే ఈ తేడా. ఆర్థికవేత్త స్టీవర్ట్ మైయర్స్ 1977లో ఇలాంటి అవకాశాలకు రియల్ ఆప్షన్స్ అని పేరు పెట్టారు. ఆర్థికవేత్తలు అవినాశ్ దీక్షిత్, రాబర్ట్ పిండైక్ 1994లో వీటిపై సమగ్ర గ్రంథమే రాశారు. ఆగే లోపు పక్కవాడు కట్టేస్తే మాత్రం ఈ లాభం కరిగిపోతుంది.

అద్దెలకు రెండే విలువలు ఉండవు కాబట్టి యాదృచ్ఛిక విలువలతో లెక్కను కంప్యూటర్‌లో వేల సార్లు నడిపే మాంటీ కార్లో పద్ధతి వాడతారు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పంట తగ్గిన ఏడాది గదుల్లోకి మిర్చి బస్తాలు తక్కువ వస్తాయి, ఖాళీ గదులు నింపుకోవడానికి అద్దె కూడా తగ్గించాల్సి వస్తుంది. ఈ రెండింటినీ సంబంధం లేనట్టు విడివిడిగా తీసుకుంటే పెద్ద నష్టం అరుదైనదిగా కనిపిస్తుంది. వేల సార్లు నడిపినా ఆ తప్పు దిద్దుకోదు.

అసలు సంభావ్యతలే తెలియని స్థితి వేరు. ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే దాన్ని రిస్క్ నుంచి వేరుచేసి అనిశ్చితి అన్నారు. అక్కడ సగం సగం అని రాయడం ఊహే, దాన్ని ఊహగానే నివేదికలో చూపాలి.

మన పరీక్ష పేపర్లు ఇప్పటికీ కట్టాలా వద్దా అనే అడుగుతున్నాయి. ఎప్పుడు కట్టాలి అని కూడా అడగాలి.