సైలెన్సర్‌లో ఉన్న పొయ్యి

డిసెంబరు పొద్దున ఆదిలాబాద్‌లో బండి తీయడం ఓ తతంగం. పాత బండికి చోక్ లాగాలి. కొత్తదైతే బటన్ నొక్కగానే అందుకుంటుంది. అయినా మనవాళ్లు స్టాండ్ మీదే పది నిమిషాలు ఉరికిస్తారు, ఇంజిన్‌కు మంచిదట. ఊరి గాలికి మాత్రం కాదు.

బీఎస్-6 (భారత్ స్టేజ్-6 పొగ ప్రమాణాల) బండి సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. తేనెపట్టులా గదులు గదులుగా ఉండే దాని లోపలి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లను తక్కువ హాని చేసే వాయువులుగా మార్చేది ఆ పూతే. కానీ సుమారు 250-300 డిగ్రీలు కాగితేగానీ అది పని అందుకోదు. ఐడ్లింగ్‌లో అది కాగేది నిదానంగా. అర నిమిషం ఆగి మెల్లగా బయల్దేరితే త్వరగా వేడెక్కుతుంది.

వేడి ఒక్కటే చాలదు. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి, బరువు లెక్కన, కుదరాలి. పెట్రోలు ఎక్కువైతే మోనాక్సైడ్ మిగులుతుంది, గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు విరగవు. పొగ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ వాసన పట్టి చెబుతుంటే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇంజెక్టర్‌ను క్షణక్షణం సరిచేస్తుంది. ఒకప్పుడు కరీంనగర్ మెకానిక్‌లు ఇదే పనిని స్క్రూడ్రైవర్‌తో, చెవితో చేసేవాళ్లు. గొప్ప చెవులే. కాకపోతే "అన్నా, జర మైలేజ్ పెంచు" అని మనం అడిగితే పెట్రోలు తగ్గించేవాళ్లు, పొగ సంగతి ఎవరికీ పట్టేది కాదు. "ఇప్పుడు తిప్పెతందుకు స్క్రూ ఏడుంది సార్, స్కానర్ పెట్టుడే" అంటున్నారు.

పాత ఆర్ఎక్స్ 100 బండి అభిమానులకు కోపమొచ్చినా సరే: ఆ టూ-స్ట్రోక్ ఇంజిన్ తాగిన పెట్రోల్లో కొంత, ఆయిల్‌తో సహా, కాలకుండానే బయటికి పోయేది. తర్వాత పొగ నిబంధనలు బిగుస్తూ వచ్చాయి. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు బీఎస్-3 బండ్ల అమ్మకాలు ఆపమన్నాక షోరూములు డిస్కౌంట్లు గుమ్మరించాయి, జనం ఎగబడ్డారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. పెట్రోల్లో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10కి దిగింది. గంధకం ఎక్కువైతే కన్వర్టర్ మందగిస్తుంది మరి.

ఇంత చేసి మనం పొల్యూషన్ వ్యాన్ దగ్గర చూసేది ఏమిటి? ఐడ్లింగ్‌లో మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్కే ఉండదు. సర్టిఫికెట్ చేతికొస్తే గాలి బాగున్నట్టే!

చప్పుడు కోసం కుర్రాళ్లు సైలెన్సర్ మార్పిస్తుంటారు. చాలా బండ్లలో కన్వర్టర్ ఆ ముక్కతోనే పోతుంది. మీవాడు మార్పించి ఉంటే, పాతదాన్ని తుక్కువాడు పట్టుకుపోకముందే షాపు నుంచి అడిగి తెచ్చుకోండి.